1356లో మా తాత ఫోటో దిగాడట!

నమ్మకపోతే ఒక యూనివర్సిటీ ఆర్కైవ్ రిజిస్టర్ చూసుకోవచ్చు. "మిల్లు కార్మికులు, గ్రూప్ ఫోటో, 1356" అని శుభ్రంగా టైపు చేసి పెట్టారు. ఢిల్లీ సైన్యం ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోయి ఓరుగల్లు పడిపోయింది 1323లో. అంటే ఆ తర్వాత ముప్పై మూడేళ్లకు మా తాత తలకు రుమాలు చుట్టుకుని, ఇంకో పద్నాలుగు మందితో కలిసి కెమెరా ముందు కదలకుండా నిలబడ్డాడన్నమాట.

సంగతేంటంటే, ఫోటో వెనక ఉర్దూలో ఉన్నది ఫసలీ సంవత్సరం. నిజాం సర్కారు లెక్కలన్నీ ఫసలీలోనే నడిచేవి. దానికి 590 కలపాలి. ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి 1356 ఫసలీ అంటే 1946 అక్టోబర్ నుంచి 1947 అక్టోబర్ దాకా. సేత్వార్లు, పహాణీలు అనే పాత భూమి రికార్డులు చూసి చూసి కళ్లు పోగొట్టుకున్న ఏ డాక్యుమెంట్ రైటర్‌ని అడిగినా చాయ్ తాగుతూ చెప్పేస్తాడు. చరిత్ర కోసమే పెట్టుకున్న గదిలో ఆ ముక్క చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ యూనివర్సిటీ పేరు రాయను. రాస్తే మాటంతా ఆ పేరు మీదికే పోతుంది. నా బాధ అది కాదు.

మాది వరంగల్ కొత్తవాడ. దర్రీలు, జంపఖానాలు నేసే ఇళ్ల మధ్య పెరిగాను. మా తాత కొన్నాళ్లు ఇంట్లో మగ్గం నేసి, తర్వాత ఆజంజాహి మిల్లులో చేరాడు. 1934లో ఉస్మాన్ అలీఖాన్ తన పెద్దకొడుకు పేరు మీద పెట్టించిన మిల్లు అది. ఇప్పుడది మూతపడింది, ఆ జాగాలో ప్లాట్లయ్యాయి. సైరన్ మోగితే అన్నం గిన్నె దించేవాళ్లమని అమ్మ చెబుతుంది. నా పిల్లలకు ఆ మిల్లు ఒక బస్ స్టాప్ పేరంత కూడా కాదు.

తాత పోయాక ఆయన ట్రంకుపెట్టె అటక మీదే ఉండిపోయింది. వేపాకు పొడి, నాఫ్తలీన్ ఉండల వాసన. జీతం చీటీలు, మిల్లు టోకెన్ బిళ్ల, కొన్ని ఉర్దూ కాగితాలు, ఈ ఫోటో. ఆరేళ్ల కింద స్థానిక చరిత్ర సేకరిస్తున్నామని ఇద్దరు వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. అమ్మ పొంగిపోయి దాదాపు అన్నీ ఇచ్చేసింది. "మా బాపు పేరు యూనివర్సిటీల ఉంటదట బిడ్డా" అని వారం రోజులు వాడంతా చెప్పుకుంది. మాకు ఒక రశీదు మిగిలింది.

పోయిన ఏడాది అమ్మకు ఎనభై నిండాయి. ఆ రోజుకి ఫోటో ఫ్రేం కట్టించి ఇద్దామని కాపీ కోసం వెళ్లాను. "మీరు రీసెర్చ్ స్కాలరా మేడమ్?" అన్నారు. కాదు, మనవరాలిని అన్నాను. అలాంటి కేటగిరీ లేదట. డిపార్ట్‌మెంట్ హెడ్ నుంచి లెటర్ తెచ్చుకోవాలట. బ్యాంకులో పనిచేసే నాకు ఏ డిపార్ట్‌మెంట్, ఏ హెడ్? మా మేనేజర్ సంతకం చేస్తానన్నాడు పాపం, అది చెల్లదన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు ఒక చిన్న ఉద్యోగి, ఆయన చల్లగా ఉండాలి, అటూ ఇటూ చూసి ఫోన్‌తో తీసుకోమన్నాడు.

ఆ ఫోన్ ఫోటోని అమ్మ ముందు పెట్టాను. కళ్లజోడు తుడుచుకుంది. వేళ్లతో పెద్దగా చేయడం రాక నా చేతికిచ్చి, "గీయన మొఖం పెద్దగ చెయ్యి" అంది. ఇక మొదలైంది. "గీయన మా మేనమామ. గీ పొట్టాయన మన పక్కింటోళ్ల తాత, మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసుంటే మళ్ల లేవకపోతుండె. గాయన సమ్మెల పోలీసోళ్ల చేత దెబ్బలు తిన్నడు, కుడి చెయ్యి లేవకపోతుండె, మా ఇంటికొస్తే ఎడమ చేత్తోనే చాయ్ తాగేది." పదిహేను మందిలో తొమ్మిది మంది పేర్లు చెప్పింది, ఎవరి పిల్లలు ఇప్పుడెక్కడున్నారో కూడా. అరగంట పట్టింది అంతే. ఆర్కైవ్ దగ్గర ఆరేళ్లున్న ఫోటోకి ఆ అరగంట దొరకలేదు.

పేర్లన్నీ రాసుకుని, ఫసలీ లెక్క కూడా వేసుకుని, మళ్లీ వెళ్లాను. మంచి మాట చెబుతున్నాను, సంతోషిస్తారనుకున్నాను. "ఎంట్రీ అయిపోయాక మార్చాలంటే కమిటీ కూర్చోవాలి మేడమ్." కూర్చుందేమో నాకు తెలియదు. మా తాత మాత్రం ఇంకా 1356లోనే ఉన్నాడు.

ఇక్కడే నాకు కోపం. ప్రజలకు చూపించడమంటే ఏదో దయతలచి పెట్టే ప్రసాదం అనుకుంటున్నారు వీళ్లు. అయ్యా, మాకు చూపించకపోతే మీ దగ్గరున్నది ఏమిటో మీకే తెలియదు. కాగితం మీ దగ్గరుంది, దాని సంగతి మా దగ్గరుంది. ఆ సంగతి తెలిసినవాళ్లకు ఎనభై ఏళ్లు. వాళ్లు మీ కమిటీ కోసం ఆగరు.

మా పద్మశాలీలకు కూనపులి వాళ్లని ఉన్నారు. చేర్యాల పటం చుట్ట భుజాన వేసుకుని ఊరికొచ్చి, ముప్పై నలభై అడుగుల పటాన్ని బొమ్మ తర్వాత బొమ్మగా విప్పుతూ, మార్కండేయుడి కథ, భావనారుషి కథ రాత్రుళ్లు చెప్పేవాళ్లు. గౌడలకు గౌడజెట్టి, ముదిరాజులకు కాకిపడగల, మాదిగలకు డక్కలి, ఇట్లా ఎవరి పటం వాళ్లకుంది. ఎవరి కథో వాళ్ల వాకిట్లోనే విప్పాలి. మధ్యలో ముసలాయన లేచి "అట్ల కాదు, ఇట్ల" అంటే వినాలి కూడా. లెటర్ అడిగిన కూనపులి ఆయన్ని నేనైతే వినలేదు.

అంతెందుకు, 1163లో కాకతీయ రుద్రదేవుడు తన సంగతి చెప్పుకోవాలనుకున్నప్పుడు శాసనాన్ని వేయిస్తంభాల గుడి దగ్గర, జనం వచ్చిపోయే చోట నిలబెట్టాడు. బీరువాలో పెట్టి తాళం వేయలేదు. అది సంస్కృతం కదా, ఎంతమంది చదివారు అంటారా, సరే, ఆ మాటా నిజమే. హన్మకొండలోనే 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లను తలుచుకోండి. రాజ్యం ఉర్దూలో నడిచే రోజుల్లో తెలుగు పుస్తకాలు కూడబెట్టి నలుగురినీ పిలిచి చదివించారు. తర్వాత సభ పెట్టుకోవాలన్నా ముందే అనుమతి కావాలనే నిజాం సర్కారు ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53, వచ్చింది, అది కూడా దాటుకుని వచ్చారు. ఇప్పుడు మన సర్కారే, మన భాషే, మన తాత ఫోటోనే. లెటర్ మాత్రం కావాలి.

పాత కాగితాలు జనం చేతికిస్తే చిరిగిపోతాయి అనే మాటను కాదనను. చింపేది మనమే. మా చిన్నన్న ట్రంకులోని ఒక ఉర్దూ కాగితాన్ని ఇవ్వకుండా ఉంచుకుని, భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించాడు. ఆ వేడికి ప్లాస్టిక్ కాగితానికి అంటుకుపోయింది, ఇక విడదీయడం దాదాపు కుదరని పని. చిరిగిన చోట సెల్లోటేప్ వేసినా అంతే, కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి అక్షరాల మీదికి పాకుతుంది. ఈ మాట కొత్తవాడలో, పరకాలలో, జనగామలో ఇంటింటికీ ఎవరు చెప్పాలి? ఆ చదువు చదివింది మీరే కదా. ఒక ఆదివారం ఏ వాడలోనో బడి గదిలో స్కానర్ పెట్టుకుని కూర్చోండి. అసలు కాగితం తెచ్చినవాళ్ల దగ్గరే ఉండనివ్వండి, ఒక స్కాన్ మీకు, ఒక ప్రింటు వాళ్లకు. ఉర్దూ చదివే పెద్దమనిషి మండిబజార్‌లో దొరకడా? ఫోటో కింద తెలుగులో నాలుగు మాటలు రాసి, పేర్ల కోసం ఖాళీ గీతలు వదలండి. నింపే పని మా అమ్మలాంటి వాళ్లు చూసుకుంటారు.

అన్నీ బయట పెట్టమనడం లేదు. మా ట్రంకులో ఒక ప్రోనోటు కూడా ఉంది. అప్పు తీసుకున్నాయన మనవలు ఇప్పటికీ మా వీధిలోనే ఉంటారు, పెళ్లిళ్లకు పిలుచుకుంటాం. అది ఇంటర్నెట్‌లో పెడితే నేనే గొడవకు వస్తాను. ఏది చూపాలో ఏది ఆపాలో ఇచ్చినవాళ్లని కూర్చోబెట్టి అడగాలి. మమ్మల్ని అప్పుడూ అడగలేదు, రశీదులో "కాగితాలు, 1 పెట్టె" అని రాశారంతే.

ఉమ్మడి వరంగల్ జిల్లా ఆరు ముక్కలైంది, చేర్యాల ఏకంగా సిద్దిపేటకు పోయింది. పాత సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం పడగొట్టారు. ఏ ఊరి రికార్డు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉందో వెతకడానికే ఒక జీతగాడు కావాలి. ఇలాంటప్పుడు ఒక యూనివర్సిటీకి ఆ కాగితాలన్నిటినీ ఒక చోట చేర్చాలని అనిపించడమే గొప్ప, ఒప్పుకుంటాను. చేర్చి తలుపేసుకుంటేనే ఒళ్లు మండుతుంది.

అమ్మ పుట్టినరోజుకి ఆ ఫోన్ ఫోటోనే ప్రింటు తీయించి ఫ్రేం కట్టించాను. కొంచెం మసకగా వచ్చింది, పైన ట్యూబ్‌లైట్ మెరుపు కూడా పడింది. క్యాలెండర్ చింపి, దాని వెనక వరసలవారీగా తొమ్మిది పేర్లు రాయించి ఫ్రేం వెనక అతికించాను (సెల్లోటేప్‌తో కాదు!). ఇంకా ఆరుగురు మిగిలారు. అమ్మకు నిద్ర పట్టనిది మాత్రం వెనక వరసలో ఎడమ నుంచి మూడో ఆయన గురించి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, చెవికి పోగు, భుజం మీద గళ్ల తువ్వాల, అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయనొక్కడే పక్కకు చూస్తున్నాడు. "మా ఇంట్ల అన్నం తిన్నోడే, పేరు నాలిక మీద ఆడుతున్నది" అంటోంది. మీ ఇళ్లలో ఆజంజాహి మిల్లులో చేసిన తాతలుంటే, వాళ్ల పాత ఫోటోల్లో ఈ ఆనవాళ్లతో ఎవరైనా కనిపిస్తే, నాకు చెప్పండి. లెటర్ అక్కర్లేదు.