లంకమల ఫొటోలో ఉన్నది అట్లాస్ చిమ్మట కాదనుకుంటా

కడప జిల్లా లంకమల అడవిలో ఫొటో తీసిన పెద్ద చిమ్మటను మీ వ్యాసంలో అట్లాస్ అనే రకమన్నారు. నాకది దసలి (టసర్) పట్టునిచ్చే చిమ్మటలా ఉంది. ఫొటో పెద్దది చేసి చూడండి, నాలుగు రెక్కల మీదా అద్దం ముక్కల్లా గుండ్రటి మచ్చలున్నాయి. అట్లాస్‌కైతే అవి త్రికోణంగా ఉంటాయి, ముందు రెక్క కొస పాము తలలా వంగి ఉంటుంది. రంగును మాత్రం నమ్మొద్దు. దసలిలోనే మగవి ఎక్కువగా ఇటుక రంగు, ఆడవి పసుపు. దగ్గర్లో మద్దిచెట్టు ఉంటే కొమ్మలు వెతకండి, కోడిగుడ్డులాంటి గట్టి గూడు కాడతో వేలాడుతూ కనిపించొచ్చు.

మా కడపలో లైటు దగ్గరికొచ్చిన చిమ్మటల్ని చీపురుతో కొడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. రెక్కలొచ్చాక దసలి ఏమీ తినదు, బతికేది కొద్ది రోజులే. దయచేసి కాసేపు లైటు ఆపండి, అదే వెళ్లిపోతుంది.