సెటిల్‌మెంట్ బేరంలో పరువుకి రేటు కట్టొద్దు

మార్చి 28, సాయంత్రం ఆరున్నర. మా బావమరిది ఫోన్ మోగింది. అవతల క్రెడిట్ కార్డు బాకీ వసూలు చేసే ఏజెంటు. "సార్, మీ కార్డు మీద మూడు లక్షల పన్నెండు వేలు ఉంది. మా మేనేజర్ గారితో మాట్లాడి మీకోసం స్పెషల్‌గా లక్షా తొంభై ఐదుకి ఒప్పించాను. 31 లోపు కట్టేయండి సార్. లేదంటే ఫీల్డ్ వాళ్లు ఇంటికొస్తారు. అపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ బాగుండదు కదా."

మావాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా వైపు చూస్తున్నాడు. మూడు లక్షలన్నప్పుడు పెద్దగా చలించలేదు. "బాగుండదు కదా" అన్నప్పుడు మాత్రం లేచి వెళ్లి వీధి తలుపు వేసొచ్చాడు.

అత్తగారి ఆపరేషన్‌కి కార్డు మీద వాడింది లక్షా నలభై వేలు. తర్వాత ఉద్యోగం పోయింది. ఇరవై రెండు నెలలు గడిచాయి. అంకె ఎలా పెరిగిందో చెప్పక్కర్లేదు. కట్టాలా, బేరమాడాలా, ఫోన్ ఎత్తడం మానేయాలా అని ఇలాంటి ఇళ్లలో రాత్రిళ్లు జరిగే చర్చ కూడా అందరికీ తెలిసిందే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో ఒకేసారి కట్టగలిగిన డబ్బు ఉంటే, బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాసిస్తే, సెటిల్ చేసుకోవాల్సిందే, అంటే తగ్గించిన మొత్తం కట్టి బాకీ ముగించుకోవాల్సిందే. కానీ ఏజెంటు చెప్పిన రేటుకి కాదు, ఏజెంటు చెప్పిన తేదీకీ కాదు. ఈ దేశంలో వేల కోట్లు ఎగ్గొట్టిన కంపెనీకి సెటిల్‌మెంట్ అంటే వ్యాపార నిర్ణయం. మనకేమో అది తప్పు ఒప్పుకోవడం. ఈ తేడా వల్లే మనం ఎక్కువ కడుతున్నాం.

ముందు ఆ "స్పెషల్" సంగతి. రాజీ పరిష్కారాలకి, అంటే ఈ సెటిల్‌మెంట్లకి, ప్రతి బ్యాంకూ బోర్డు ఆమోదించిన పాలసీ పెట్టుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2023 జూన్ 8న ఆదేశాలిచ్చింది. ఏ దశలో ఉన్న బాకీకి ఎంతవరకు తగ్గించొచ్చు, ఎవరు సంతకం పెట్టాలి అన్నది అందులోనే ఉంటుంది. కాబట్టి మేనేజర్ గారు మన మొహం చూసి కరిగిపోయేదేమీ లేదు. అదే ఆదేశాల్లో ఇంకో విషయం ఉంది. ఉద్దేశపూర్వక ఎగవేతదారులుగా, మోసగాళ్లుగా ముద్రపడిన ఖాతాలతోనూ బ్యాంకులు రాజీ పడొచ్చు. క్రిమినల్ కేసు దారి క్రిమినల్ కేసుదే. వాళ్లతో కూర్చుని బేరమాడే బ్యాంకు, తల్లి ఆపరేషన్‌కి కార్డు గీకినవాడితో ఆడనంటుందా? ఆడుతుంది. మనం అడగాలంతే.

తేదీ సంగతి కూడా అంతే. ఏజెన్సీ పనిచేసేది కమీషన్ మీద, నెలాఖరు టార్గెట్ మీద. మార్చి అయితే ఆర్థిక సంవత్సరం లెక్కలు కూడా తోడవుతాయి. ఆ 31 గడువు అతని గడువు, మనది కాదు. ఏప్రిల్‌లోనూ ఫోన్ వస్తుంది. మావాడికి ఏప్రిల్ 9న వచ్చింది, లక్షా అరవై ఐదు అని. ఈసారి గొంతు వేరే, మేనేజర్ గారు మాత్రం పాతవారే.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఒకటుంది. "సరే సార్, ఇప్పుడు లేకపోతే ఒక రెండు వేలు వేయండి, మీ సిన్సియారిటీ చూపించినట్టుంటుంది." వినడానికి ఎంత మర్యాదగా ఉందో! మన ఊళ్లలో ప్రామిసరీ నోట్లతో పెరిగినవాళ్లకి ఈ ఎత్తు కొత్తది కాదు. నోటుకి మూడేళ్లు నిండబోతున్నాయనగా అప్పిచ్చినాయన ఇంటికొచ్చి కాఫీ తాగి, "ఓ వంద ఇవ్వవోయ్, వెనకాల చెల్లు రాసుకుందాం" అనేవాడు. వంద కోసం కాదు, ఆ చెల్లు కోసం. చెల్లు పడితే నోటుకి మళ్లీ మూడేళ్ల ఆయుష్షు. లేదంటే కాలదోషం పట్టి కాగితం ముక్క అయిపోతుంది. 1963 లిమిటేషన్ చట్టం 18, 19 సెక్షన్లు చెప్పేది ఇదే. గడువు లోపల బాకీ ఉన్నానని సంతకం పెట్టి రాసిచ్చినా, రాత ఆధారం ఉండేలా కొంత కట్టినా, గడియారం మళ్లీ మొదటికొస్తుంది. తాకట్టు లేని కార్డు బాకీకి, పర్సనల్ లోన్‌కి కోర్టుకి వెళ్లే గడువు మామూలుగా మూడేళ్లే. ఆ గడువు దాటాక కూడా "కడతాను" అని సంతకం పెట్టి రాసిస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం చచ్చిన బాకీ లేచి కూర్చుంటుంది. అలాగని మూడేళ్లు దాక్కోమని చెప్పడం లేదు. ఆ లోపు బ్యాంకు కేసు వేస్తే లెక్క వేరు, ఇల్లు తాకట్టులో ఉంటే అసలు కథే వేరు. నేను చెప్పేది ఒక్కటే. కడితే సెటిల్‌మెంట్ లెటర్ చేతిలో పెట్టుకుని మొత్తం కట్టండి. సిన్సియారిటీ కోసం రెండు వేలు వేయొద్దు.

లెటర్ అంటే వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కాదు. ఖాతా నంబరు, ఒప్పుకున్న మొత్తం, కట్టాల్సిన తేదీ, "ఇంతటితో బాకీ తీరింది, మిగతాది అడగం" అన్న వాక్యం, అన్నీ బ్యాంకు మెయిల్ నుంచి రావాలి. బాకీని వేరే కంపెనీకి అమ్మేశారంటే, అమ్మినట్టు కాగితం చూపించమనాలి. డబ్బు లోన్ ఖాతాకే వెళ్లాలి. మావాడికి వచ్చిన క్యూఆర్ కోడ్ మీద ఎవరిదో మనిషి పేరుంది! అడిగితే "అది మా కలెక్షన్ అకౌంటే సార్" అన్నాడు. ఇంకో జాగ్రత్త. సెటిల్‌మెంట్ వాయిదాలకి ముందు తేదీలేసి చెక్కులు ఇవ్వొద్దు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. స్తోమత లేనివాణ్ణి అప్పు కోసం జైల్లో పెట్టడం కుదరదని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చెక్కు బౌన్సయితే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది క్రిమినల్ కేసు. సివిల్ బాకీని మనమే చేజేతులా క్రిమినల్ కోర్టు దాకా మోసుకెళ్లినట్టవుతుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. తీసుకున్న అప్పు తీర్చడం ధర్మం, బ్యాంకు డబ్బంటే మరొకరి డిపాజిట్, పైగా సెటిల్ చేసుకుంటే సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడి, ఏళ్ల తరబడి ఇంటి లోనుకి అడ్డుపడుతుంది అంటారు. నిజమే. పూర్తిగా కట్టగలిగినవాడు కట్టేయాలి, వాడికి ఈ వ్యాసం అక్కర్లేదు. కానీ ఇరవై రెండు నెలలు కట్టనివాడి స్కోరు ఇప్పటికే నేలమీద ఉంది. వాడు ఎంచుకోవాల్సింది "సెటిల్డ్"కీ "క్లోజ్డ్"కీ మధ్య కాదు, "సెటిల్డ్"కీ "రిటెన్ ఆఫ్"కీ (వసూలు కాదని బ్యాంకు లెక్కల్లోంచి తీసేసిన బాకీకీ) మధ్య. ఇక డిపాజిటరు మీద జాలి చూపించే ముందు అసలు ఆ డబ్బు ఎక్కడ పోతోందో చూడండి.

2014-15 నుంచి పదేళ్లలో బ్యాంకులు రైట్ ఆఫ్ చేసింది సుమారు 16.35 లక్షల కోట్లని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. రైట్ ఆఫ్ అంటే మాఫీ కాదు, వసూలు ప్రయత్నం ఆగదు అంటారు, ఒప్పుకుందాం. వీడియోకాన్ సంగతి చూడండి. ఒప్పుకున్న బాకీలు 64,838 కోట్లు, కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్, ముంబై ఎన్‌సీఎల్‌టీ, 2021 జూన్‌లో ఆమోదించిన ప్లాన్ 2,962 కోట్లు. వందకి ఐదు రూపాయలు కూడా కాదు. పై ట్రిబ్యునల్ 2022 జనవరిలో దాన్ని కొట్టేసిందనుకోండి. కానీ ఆ ప్లానుకి ఓటేసింది బ్యాంకులే కదా. రావాల్సినదాంట్లో ఇలా వదులుకోవడాన్ని వాళ్ల భాషలో హెయిర్‌కట్ అంటారు. తిరుమల కళ్యాణకట్ట తెలిసిన మనకి దానికి వేరే మాటుంది. ఆ గుండు గీయించుకున్న బ్యాంకుల్లో ఏ అధికారీ వీధి తలుపు వేసుకోలేదు. ఏ ప్రమోటరు ఇంటి ముందూ ఫీల్డ్ వాళ్లు నిలబడి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని వివరాలడగలేదు.

ఎందుకంటే పెద్దవాడు తాకట్టు పెట్టేది షేర్లు, ఫ్యాక్టరీలు. మనం తాకట్టు పెట్టేది పరువు. తాకట్టు లేని లోను అంటారు గానీ అది అబద్ధం. పరువు కంటే తేలిగ్గా జప్తు చేయగలిగిన ఆస్తి ఇంకేముంది? కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, ఒక్క ఫోన్ చాలు.

ఈ పాఠం దేశానికి నేర్పిన ప్రయోగశాల మన తెలుగు నేలే. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు గ్రూపుల పద్ధతిలో లోన్లిచ్చాయి. ఒకరు వాయిదా కట్టకపోతే మిగతా ఆడవాళ్లందరినీ ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టేవారు. పొరుగింటి పిన్నిగారే వసూలు ఏజెంటు! ఆత్మహత్యలు జరిగాయి, ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ అనే అధిక వడ్డీల దందా బయటపడింది. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌లు వచ్చాయి. కాంటాక్ట్ లిస్టు మొత్తం లాక్కుని, మార్ఫింగ్ ఫొటోలు బంధువులకి పంపడం చూశాం. గ్రూపు మీటింగ్, గూండా, యాప్, పద్ధతులు మారాయి గానీ తాకట్టు మారలేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనలు పెడుతూనే ఉంది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో చెప్పింది. మావాడికి ఆరున్నరకే వచ్చింది కాబట్టి అందులో తప్పు పట్టలేం. నిబంధన గడియారం చూస్తుంది, ఏం మాట్లాడారో నిరూపించే బాధ్యత మనదే. అందుకే కాల్ రికార్డు చేసుకోండి. ముందు బ్యాంకుకే రాతలో ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. వెళ్తారని ఏజెంటుకి అర్థమైతే చాలు, భాష మారిపోతుంది.

అసలు వడ్డీ గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు? ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే ఎక్కువంటాం, మూడు రూపాయలంటే వాడు రాబందు అంటాం. కార్డు మీద మూడున్నర రూపాయలు, అదీ చక్రవడ్డీ. లెక్కేయండి, ఇరవై నెలల్లో అప్పు రెట్టింపు. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం, పాత అప్పుల విషయంలో అసలుకి రెట్టింపు చెల్లించిన రైతు బాకీ మొత్తం తీరిపోయినట్టే అంది. కోస్తా, సీమ జిల్లాల షావుకార్లు అప్పట్లో దాన్నెంత తిట్టుకున్నారో గానీ, రెట్టింపు దగ్గర ఒక గీత అయితే గీశారు. బ్యాంకుల విషయంలో ఆ గీత లేదు. బ్యాంకు వడ్డీ ఎక్కువన్న కారణంతో కోర్టులు లావాదేవీని తిరగదోడకూడదని 1984లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఎ సెక్షన్ చేర్చారు. కార్డుల మీద 30 శాతం దాటిన వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెబితే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. అంటే వడ్డీ మీద పోరాడే చోటు కోర్టు కాదు. మిగిలింది ఆ ఫోన్ కాల్ ఒక్కటే. సెటిల్‌మెంట్ బేరం అడుక్కోవడం కాదు, వడ్డీకి గీత గీసే ఆఖరి అవకాశం అంటున్నది అందుకే. అసలెంత, కట్టినదెంత అన్న దగ్గర మొదలుపెట్టండి. వాళ్లు చెప్పిన మొత్తం దగ్గర మొదలుపెడితే అప్పుడే ఓడిపోయినట్టు.

మావాడు అలాగే మొదలుపెట్టాడు. "అసలు లక్షా నలభై, అంతకు ముందు కట్టిన మినిమమ్‌లు తీసేయండి" అన్నాడు. మే నెలలో లక్షా ఇరవై ఎనిమిది వేలకి లెటర్ వచ్చింది. చెల్లెలి గాజులు పెట్టి కట్టాడు. నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం ఇంకో నలభై రోజులు తిరిగాడు.

ఇదీ కట్టలేనివాడి సంగతేమిటి? మనవైపు దానికి పాత మాటుంది, ఐపీ పెట్టడం, అంటే దివాలా పిటిషన్ (ఇన్‌సాల్వెన్సీ పిటిషన్) వేయడం. గుంటూరు మిర్చి వ్యాపారి ఐపీ పెట్టాడంటే ఊరంతా గుప్పున పాకుతుంది. ఆ ఐపీ వచ్చింది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం నుంచి. ఐదొందల రూపాయల బాకీకి పిటిషన్ వేయొచ్చని అందులో ఇంకా ఉంది. కంపెనీల కోసం 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది, ట్రిబ్యునళ్లు వచ్చాయి, హెయిర్‌కట్లు వచ్చాయి. అదే స్మృతి మూడో భాగంలో మామూలు మనుషుల కోసం "ఫ్రెష్ స్టార్ట్" అని ఒక ఏర్పాటు రాశారు. ఏడాదికి 60 వేల లోపు ఆదాయం, 35 వేల లోపు అప్పు ఉన్న పేదవాడు దరఖాస్తు పెట్టుకుని బయటపడొచ్చు. 2019 డిసెంబరులో ఆ మూడో భాగాన్ని కంపెనీ లోన్లకి హామీ ఉన్న వ్యక్తుల వరకు అమల్లోకి తెచ్చారు. ఎందుకంటే అది బ్యాంకులకి కావాలి. ఫ్రెష్ స్టార్ట్ మాత్రం పుస్తకంలోనే ఉంది, మనకింకా 1920 చట్టమే దిక్కు.