మూడొందల విండోస్ ఫ్రీ కాదు, లినక్స్ బ్రహ్మవిద్య కాదు

విండోస్ 10కి ఇచ్చే మామూలు అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మంగళం పాడింది. విండోస్‌కి బదులుగా కంప్యూటర్‌ని నడిపే, డబ్బు కట్టక్కర్లేని ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. అప్పటి నుంచి ‘లినక్స్ మాయలో పడొద్దు’ అనే మెసేజ్ ఒకటి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తోంది. బడి స్నేహితుల గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, చివరికి నీళ్ళ ట్యాంకర్ల గురించి మాట్లాడుకునే అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ వచ్చింది. దాని సారం ఇదీ: పాత కంప్యూటర్లు ఇక తుక్కు కిందే లెక్క. లినక్స్ అంటే నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం. అందులో తెలుగు రాదు. ప్రింటర్లు పనిచేయవు. ట్యాలీ, ఫొటోషాప్, ఆఫీసు ఉండవు. గేములు ఆడలేం. జర్మనీలో ఒక నగరం పెట్టుకుని మరీ తీసేసింది. పాడైతే బాగుచేసేవాడు దొరకడు. అన్నిటికీ మించి, విండోస్ మనకెలాగూ ఫ్రీయే, షాపులో మూడొందలిస్తే వేసిస్తారు.

ఇందులో నిజాలు లేకపోలేదు. వాటిని చూసే జనం మిగతాదంతా నమ్మేస్తున్నారు. పంపుతున్నది నాకు కావాల్సినవాళ్ళు కాబట్టి బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

నల్ల తెర సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. లినక్స్‌లో చాలా రకాలున్నాయి. వాటిలో ఒకటైన లినక్స్ మింట్ వేసిన కంప్యూటర్ ఆన్ చేస్తే కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, వైఫై గుర్తు, తెర మీద ఫోల్డర్లు. విండోస్ 7 వాడిన చెయ్యి తడుముకోకుండా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కావాలంటే ఫోన్లో ప్లేస్టోర్ లాంటిదే ఒకటి ఉంటుంది, పేరు వెతికి ఇన్‌స్టాల్ నొక్కడమే. ఆ మెసేజ్‌ని మనవాళ్ళు ఫార్వర్డ్ చేస్తున్న ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేదీ లినక్స్ కెర్నెల్, అంటే దాని గుండెకాయ లాంటి భాగం మీదే. గేములంటారా, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో దొరికే చాలా గేములు, విండోస్ గేములను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ సాయంతో ఆడతాయి, వాలరెంట్ లాంటివి ఆడవు. మీ అబ్బాయికి అవే ప్రాణమైతే విండోస్ ఉంచుకోండి, గొడవే లేదు.

పాత కంప్యూటర్ తుక్కు అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దీన్ని నమ్మి ఈఎంఐ మీద కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళున్నారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం ఎనిమిదో తరానిది కావాలి. నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ నిన్నటిదాకా యూట్యూబ్ చూపించింది, జూమ్ క్లాసులు నడిపింది, కరెంటు బిల్లులు కట్టింది. అది ఒక్క రాత్రిలో ముసలిదైపోలేదు. కంపెనీ పెట్టిన గీతకు అవతల పడింది, అంతే. లినక్స్ మింట్‌కి 2 జీబీ ర్యామ్ కనీసం, 4 జీబీ ఉంటే మంచిదని వాళ్ళే చెప్తారు. 2024లో వచ్చిన మింట్ 22కి 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. పాత హార్డ్‌డిస్క్ తీసేసి దానికంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అయితే 2 జీబీ ర్యామ్‌తో క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి రాకెట్‌లా పోవాలంటే మాత్రం కుదరదు. బ్రౌజర్ తినే మెమరీ ఎక్కడైనా అంతే.

ఇంకో సంగతి మెసేజ్‌లో లేనే లేదు. సక్రమంగా విండోస్ 10 వాడుకునేవాళ్ళకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించారు. సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే అందుకు డబ్బు కూడా కట్టక్కర్లేదు. కంగారుపెట్టడానికి వచ్చిన ఉత్సాహం ఈ ఒక్క లైను చెప్పడానికి ఎందుకు రాలేదు?

ఇక మూడొందల విండోస్. మెసేజ్ మొత్తంలో నాకు ఒళ్ళు మండింది ఈ ముక్కకే. ‘యాంటీవైరస్ ఒక్క నిమిషం ఆపి యాక్టివేటర్ నడిపితే జీవితాంతం ఫ్రీ’ అని ధైర్యంగా రాసి, కింద నవ్వు బొమ్మలు పెట్టారు. యాక్టివేటర్ అంటే లైసెన్సు కొనకుండానే కొన్నట్టు విండోస్‌ని నమ్మించే దొంగ ప్రోగ్రాము.

షాపులో ఏం జరుగుతుందో ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? కుర్రాడు పెన్‌డ్రైవ్ పెడతాడు. విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆపేస్తాడు. తర్వాత ఎక్స్‌క్లూజన్స్‌లోకి వెళ్ళి ఆ ఫోల్డర్‌ని, ఒక్కోసారి సీ డ్రైవ్ మొత్తాన్నీ చేరుస్తాడు. అంటే అక్కడ ఏమున్నా కన్నెత్తి చూడొద్దని యాంటీవైరస్‌కి చెప్పాడన్నమాట. యాక్టివేటర్ మీద రైట్ క్లిక్ కొట్టి అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతాడు. ఒక చిన్న డబ్బా మెరిసి మాయమవుతుంది. అప్‌డేట్ వస్తే యాక్టివేషన్ పోతుందని అప్‌డేట్లు కూడా ఆపేస్తాడు. కాపలా కుక్కను కట్టేసి, తలుపులు బార్లా తీసి, ముక్కూమొహం తెలియనివాడికి తాళాలగుత్తి ఇవ్వడానికీ దీనికీ తేడా ఏముంది?

అడ్మినిస్ట్రేటర్‌గా నడిచిన ప్రోగ్రాముకు ఆ కంప్యూటర్లో అడ్డన్నది లేదు. అది యాక్టివేట్ మాత్రమే చేసిందో, మరేదైనా కూడా పెట్టిపోయిందో షాపు కుర్రాడికి తెలియదు. అతనికి ఆ ఫైలు ఇచ్చినవాడికీ తెలియదు. 2021 డిసెంబరులో రెడ్ కెనరీ అనే భద్రతా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. కేఎంఎస్‌పికో అనే పేరున్న యాక్టివేటర్ పేరు చెప్పుకుని తిరుగుతున్న ఇన్‌స్టాలర్‌లో క్రిప్ట్‌బాట్ అనే దొంగ ప్రోగ్రాము దాగి ఉంది. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, కార్డు వివరాలు ఎత్తుకుపోవడమే దాని పని. మన ఇళ్ళల్లో కంప్యూటర్ సంగతి మీకు తెలియందా? నాన్నగారి పెన్షన్ ఖాతా అందులోనే, అమ్మాయి ఈఏపీసెట్ దరఖాస్తు అందులోనే, ఇంటిల్లిపాది ఆధార్ స్కాన్లూ పొలం పాస్‌బుక్కూ అందులోనే. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు గుర్తుండదని బ్రౌజర్లోనే సేవ్ చేసి ఉంటుంది.

అప్‌డేట్లు ఆపేస్తే ఏమవుతుందో 2017 మేలో చూశాం. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజిన వన్నాక్రై వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది. వేసుకోనివాళ్ళ ఫైళ్ళకు రెండు నెలలు తిరక్కుండా తాళం పడింది, తెర మీద బిట్‌కాయిన్లు కట్టమన్న ఎర్ర కిటికీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. పోలీసు స్టేషన్‌కే దిక్కులేనప్పుడు మీ హాల్లో ఉన్న కంప్యూటర్‌కి ఎవరు దిక్కు? మూడొందలు ఇచ్చి ఇది కొనుక్కోమని పెద్దవాళ్ళకు సలహా ఇవ్వడానికి మనసెలా ఒప్పింది? షాపు కుర్రాణ్ణి నేను తిట్టను. అడిగింది మనం, బేరమాడిందీ మనమే. కానీ తెలిసి తెలిసి దీన్ని చిట్కాగా పంచేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఓపిక ఉండటం లేదు.

లినక్స్‌ని నేను ఎవరికైనా చెప్పేటప్పుడు పోల్చేది ఈ దొంగ విండోస్‌తోనే. వేలు పోసి విండోస్ కొని, అప్‌డేట్లు వేసుకుంటూ హాయిగా వాడుకునేవాళ్ళతో నాకు వాదనే లేదు. మన ఊళ్ళల్లో అలాంటివాళ్ళు ఎంతమంది? పోటీ నిజంగా ఉన్నది డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడేదానికీ, డబ్బు కట్టకుండా దర్జాగా వాడుకోగలిగేదానికీ మధ్య.

అలాగని మా వైపువాళ్ళు చెప్పే ‘లినక్స్‌కి వైరస్ రాదు’ అన్న మాటా నిజం కాదు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోనే ఎవరో దూరి డౌన్‌లోడ్ లింకును దొంగ కాపీకి మళ్ళించారు. 2024 మార్చిలో, లినక్స్‌లో ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో దొడ్డిదారి ఒకటి బయటపడింది. రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని అనుమానం వచ్చి కూపీ లాగినాయన ఆండ్రెస్ ఫ్రాయిండ్, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజినీరు. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, బహిరంగంగా ఉంది కాబట్టే లోపలికి వెళ్ళి చూడగలిగాడు. లినక్స్ మీద దాడులు జరగవని కాదు. సాఫ్ట్‌వేరంతా ఒకే నమ్మకమైన చోటు నుంచి వస్తుంది, అప్‌డేట్లు ఆపుకోవాల్సిన అవసరం ఎవరికీ రాదు. నాకు అది చాలు.

తెలుగు రాదనడం మాత్రం పచ్చి అబద్ధం. కీబోర్డు సెట్టింగులో తెలుగు చేర్చుకుంటే రెండు మీటలు కలిపి నొక్కగానే భాష మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక ఉంది. రకరకాల భాషలు టైపు చేయించే ఐబస్ అనే ప్రోగ్రాముకు ఎం17ఎన్ ప్యాకేజీ చేర్చుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా వస్తుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ ప్యాకేజీల్లోనే ఉన్నాయి. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ వాలంటీర్లు ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. మెనూలు, బటన్లు, హెచ్చరికలు తెలుగులో కనిపించాలని కాలేజీ పిల్లలు రాత్రుళ్ళు కూర్చుని అనువాదాలు చేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. ఇంతమంది చేసిన పనిని ‘తెలుగు రాదు’ అని రెండు ముక్కల్లో తుడిచేస్తే బాధ కలగదా?

జర్మనీ నగరం మ్యూనిక్. వాళ్ళు పదిహేను వేల దాకా కంప్యూటర్లను లినక్స్‌కి మార్చి, 2013కి ఆ పని ముగించి, 2017లో మళ్ళీ విండోస్‌కే వెళ్దామని తీర్మానించారు. ఇది నిజం. కానీ అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం తన ఉద్యోగులను ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రేఆఫీసుకూ లినక్స్‌కూ మారుస్తామని 2024లో ప్రకటించింది. ఫ్రాన్స్ జాతీయ జాందార్మరీ, అంటే అక్కడి పోలీసు దళం, ఉబుంటు అనే లినక్స్ మీద ఏళ్ళ తరబడి నడుస్తోంది. అంత దూరం ఎందుకు, పక్కనున్న కేరళ చూడండి. అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకునేదీ పదో తరగతి ఐటీ పరీక్ష రాసేదీ లినక్స్ మీదే. పదిహేనేళ్ళ పిల్లలకు వచ్చింది మనకు రాదా?

ఇప్పుడు మెసేజ్ చెప్పిన నిజాలు. మీకు డీటీపీ షాపు ఉంటే లినక్స్ జోలికి రావద్దు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ 7 మీద బతుకుతున్న షాపులు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేజ్‌మేకర్ వచ్చింది 2001లో. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే శుభలేఖ కాస్తా అర్థంలేని ఇంగ్లిష్ గుర్తుల కుప్పలా కనిపిస్తుంది. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ ఉంది, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్ ఉంది అని నేను వాదించను. ఇరవై ఏళ్ళ పాత ఫైళ్ళు, చేతికి అలవాటైన కీబోర్డు, రేపు పొద్దున్నే అచ్చుకు వెళ్ళాల్సిన పాంప్లెట్లు, వీటి ముందు నా ఆదర్శాలు నిలవవు. ట్యాలీ విండోస్‌దే. కంప్యూటర్లో వేసుకునే పూర్తి ఫొటోషాప్ విండోస్‌కో మ్యాక్‌కో పరిమితం. మీసేవ కేంద్రాల్లో వేలిముద్ర యంత్రాలు కొనేముందు లినక్స్ డ్రైవరుందో లేదో అడగాల్సిందే, ఎక్కువగా ఉండదు. జిరాక్స్ షాపుల్లో ఏళ్ళుగా నలుగుతున్న కొన్ని లేజర్ ప్రింటర్లు లినక్స్‌తో నిజంగానే పేచీ పెడతాయి. ఆఫీసు ఫైళ్ళను లిబ్రేఆఫీసు తెరుస్తుంది. ఉత్తరాలు, మార్కుల జాబితాలు, బయోడేటాలు చక్కగా వస్తాయి. మ్యాక్రోలు, అంటే వాటంతటవే పనిచేసే చిన్న ప్రోగ్రాములు, దట్టించిన ఎక్సెల్ షీట్లు చాలాసార్లు సరిగా రావు.

బాగుచేసేవాడు దొరకడన్న మాటకైతే నా దగ్గర జవాబే లేదు. నరసరావుపేటలోనో జగిత్యాలలోనో సాయంత్రం ఏడింటికి కంప్యూటర్ మొండికేస్తే విండోస్ చూసే కుర్రాడు వీధికొకడు దొరుకుతాడు. లినక్స్ చూసేవాడు లేడు. ఇంటర్నెట్‌లో సమాధానాలున్నాయి గానీ అవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఇంట్లో కాస్త తెలిసిన మనిషో, ఫోన్ చేస్తే విసుక్కోకుండా చెప్పే మేనల్లుడో లేకపోతే, డెబ్బై ఏళ్ళ పెద్దాయన కంప్యూటర్లో లినక్స్ వేసి వెళ్ళిపోవద్దని నేనే చెప్తాను. లినక్స్ అభిమానులు కెర్నెల్ గొప్పల గురించి వాదించుకునే సమయంలో పదో వంతు ఈ కుర్రాళ్ళకు నేర్పడం మీద పెట్టి ఉంటే ఇవాళ ఆ మెసేజ్‌కి ఇంత బలం ఉండేది కాదు. షాపు కుర్రాడికి మూడొందలు వద్దని ఎవరన్నారు? అదే మూడొందలు తీసుకుని మింట్ వేసి, తెలుగు కీబోర్డు పెట్టి, ప్రింటర్ కలిపి ఇస్తే అది సలక్షణమైన సంపాదన. లైసెన్సు ప్రకారం అందులో తప్పేమీ లేదు.

ఇంట్లో కంప్యూటర్ వాడేది బ్రౌజరు, యూట్యూబు, వాట్సాప్ వెబ్, ఉత్తరాలు, ఫొటోల కోసమే అయితే ముందు ఫొటోలూ కాగితాలూ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మింట్ సొంత సైటు నుంచి ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ ఆన్ చేస్తే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే మొత్తం వాడి చూడొచ్చు, కాస్త నెమ్మదిగా ఉంటుంది, అంతే. వైఫై కలుస్తోందా, సౌండ్ వస్తోందా, కెమెరాలో మొహం కనిపిస్తోందా, ప్రింటర్ కాగితం లాగుతోందా చూడండి. అన్నీ కుదిరితేనే ఇన్‌స్టాల్ జోలికి వెళ్ళండి. కుదరకపోతే షట్‌డౌన్ చేసి పెన్‌డ్రైవ్ పీకేయండి, విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.