బ్లాక్ పుడ్డింగ్ మారణాయుధమే!

బ్రిటన్‌లో టీవీలో కామెడీ చూస్తూ ఒక పెద్దమనిషి ప్రాణం పోయి యాభై ఏళ్లు దాటింది. ఇంతవరకూ ఒక కమిషన్ లేదు, ఒక నివేదిక లేదు, కంటితుడుపుగా ఒక సస్పెన్షనైనా లేదు. పార్లమెంటును ప్రపంచానికి నేర్పామని చెప్పుకునే దేశంలో ఇంత నిర్లక్ష్యమా అని అడిగే నాథుడు లేడు కాబట్టి, ఆ బాధ్యతను ఈ కాలమ్ నెత్తిన వేసుకుంటోంది.

ముందు కేసు పూర్వాపరాలు. 1973 జూలైలో బ్రూస్ లీ 32 ఏళ్లకే పోయాడు. ఆయన పోయాకే ఆయన పిచ్చి ఊపందుకుంది. 1974లో కుంగ్ ఫూ మీద కట్టిన డిస్కో పాట ఒకటి బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది. టీవీలో ఒక అమెరికన్ సీరియల్‌లో చూపులేని గురువు తన శిష్యుణ్ణి ‘మిడతా’ అని పిలుస్తూ వేదాంతం చెప్పేవాడు. మిడత పెద్దయ్యాక ఆ వేదాంతం వల్లించుకుంటూనే అడ్డొచ్చినవాళ్లను చితకబాదేవాడు. జనం ఇదంతా చాలా భక్తిగా చూస్తున్న రోజులవి.

ఆ భక్తికి భంగం కలిగించింది ముగ్గురు. బీబీసీలో ‘ది గుడీస్’ అనే సిట్‌కామ్ నడిపిన టిమ్ బ్రూక్-టేలర్, గ్రేమ్ గార్డెన్, బిల్ ఆడీ. ముగ్గురూ కలిసి ఒకే సైకిల్ తొక్కుకుంటూ తిరిగేవాళ్లు. ఆ సైకిల్ చూసి వీళ్లను అల్లరి మూక అనుకోవడానికి వీల్లేదు. ముగ్గురిదీ కేంబ్రిడ్జ్ చదువు. టిమ్ లా చదివాడు. గ్రేమ్ ఏకంగా డాక్టరీ పాసయ్యాడు. అంటే ముద్దాయిల్లో ఒకరికి చట్టం తెలుసు, ఇంకొకరికి గుండె ఎలా పనిచేస్తుందో తెలుసు. తెలియక చేశామనే మాట ఏ కోర్టులోనూ చెల్లదు.

నేరం జరిగిన తేదీ 1975 మార్చి 24. ఎపిసోడ్ పేరు ‘కుంగ్ ఫూ కేపర్స్’. ఇందులో వీళ్లు చేసిన ఘోరం చూడబోతే చాలా చిన్నది. కుంగ్ ఫూ సినిమా సామగ్రిని ముట్టుకోలేదు. రహస్య విద్య ఉంది, దాన్ని ఔపోసన పట్టిన వీరుడు ఉన్నాడు, అతనితో తలపడి దెబ్బలు తినే ప్రత్యర్థులు ఉన్నారు. మార్చింది ఊరొక్కటే. తూర్పు దేశాల కొండల బదులు ఉత్తర ఇంగ్లండ్‌లోని లాంకషైర్ పెట్టారు. నూలు మిల్లులు, ఆగని ముసురు, నెత్తిన బల్లపరుపు టోపీ, ప్యాంటుకి భుజాల మీదుగా పట్టీలు. ఆ విద్య పేరు ‘ఎకీ థంప్’. అక్కడివాళ్లు ఉలిక్కిపడితే అనే మాట అది. మనం ఒక యుద్ధవిద్యకి ‘ఓరి నాయనో’ అని పేరు పెట్టుకున్నామనుకోండి, అలా ఉంటుంది.

ఇక ఆయుధం. కత్తీ కాదు, కర్రా కాదు, బ్లాక్ పుడ్డింగ్. పేరు చూసి జున్నులాంటి మిఠాయి అనుకునేరు. పంది రక్తం, కొవ్వు, ఓట్స్ గింజలు కలిపి పేగులో కూరి ఉడికించిన సాసేజి అది. తెలంగాణలో మేక రక్తంతో చేసే నల్ల వేపుడు తిన్నవాళ్లకి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. బిల్ ఆడీ మొహంలో ఎక్కడా నవ్వు కనిపించనివ్వకుండా, మహా విద్య ప్రదర్శిస్తున్న ధ్యానముద్రలో, ఆ సాసేజితో ఎదుటివాడి నెత్తి మీద ఒక్కటిస్తాడు. మనిషి చాప చుట్టినట్టు పడిపోతాడు. విద్య అంతా అంతే. ఆ ఆడీ పుట్టింది లాంకషైర్‌లోనే, రోచ్‌డేల్‌లో. సొంత జిల్లా పరువు తీసినవాడి మీద అక్కడ మనోభావాల కేసు ఎవరూ పెట్టలేదంటే ఆ జిల్లాలో లాయర్ల కొరత ఎంత ఉందో ఊహించుకోవచ్చు.

కింగ్స్ లిన్ అనే ఊళ్లో యాభై ఏళ్ల తాపీమేస్త్రి ఒకాయన ఆ రాత్రి ఇంట్లో భార్య పక్కన కూర్చుని ఇది చూస్తున్నాడు. తెర మీద టిమ్ స్కాట్లండ్ వీరుడి వేషంలో, గళ్ల లంగా కట్టుకుని, చంకలో ఉన్న తిత్తి వాద్యంతో బ్లాక్ పుడ్డింగ్ దెబ్బలు కాచుకుంటున్నాడు. మేస్త్రికి నవ్వు తన్నుకొచ్చింది. ఎపిసోడ్ నిడివి అరగంట. ఆయన పాతిక నిమిషాలు ఆపకుండా నవ్వాడు. చివరికి పొట్ట చెక్కలయ్యేలా ఒక పెద్ద నవ్వు నవ్వి, సోఫాలో ఒరిగిపోయి కన్నుమూశాడు.

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలు అన్నారు. ఆ నాలుగింటిలో ఇది ఎన్నోదో పండితులు తేల్చాలి.

ఆ తర్వాత జరిగింది మరీ విడ్డూరం. ఆయన భార్య ముద్దాయిలకు ఉత్తరం రాసింది. తిడుతూ కాదు, థాంక్స్ చెబుతూ. మా ఆయన ఆఖరి క్షణాలు అంత హాయిగా గడిచేలా చేశారని. ఇలాంటి బాధితులుంటే న్యాయవ్యవస్థ ఎలా నడుస్తుంది? ధర్నా లేదు, నష్టపరిహారం డిమాండు లేదు, రాత్రి తొమ్మిదింటి చర్చలో నలుగురు ఒకేసారి అరుచుకోవడం లేదు. ముద్దాయికి కృతజ్ఞతలు చెప్పే సాక్షిని పెట్టుకుని ఏ ప్రాసిక్యూటరు మాత్రం ఏం చేస్తాడు!

పోనీ సెన్సారు నిద్రపోయిందా అంటే, లేదు. నిద్ర మానుకుని మరీ పనిచేసింది, కాకపోతే వేరే దిక్కున. గొలుసుతో కలిపిన రెండు కర్రలు, బ్రూస్ లీ తిప్పే ఆ నంచాకులంటే బ్రిటన్ సెన్సారుకి అప్పట్లో చెడ్డ భయం. కుర్రాళ్లు చూసి నేర్చుకుంటారని అవి కనిపించిన చోటల్లా కత్తెర వేస్తూ పోయింది. పిల్లల కార్టూన్‌లో ఫైట్లు చేసే ‘నింజా’ తాబేళ్లను కూడా వదల్లేదు. బ్రిటన్ టీవీకి వచ్చేసరికి వాటి పేరులో ‘నింజా’ పోయి ‘హీరో’ వచ్చింది. 1991 నాటి తాబేళ్ల రెండో సినిమాలో ఒక తాబేలు సాసేజిల దండను నంచాకులా తిప్పితే, ఆ ముక్కనూ కత్తిరించారు. అబద్ధం కాదు, సాసేజిలనే కత్తిరించారు.

ఇక్కడే ఈ కాలమ్ అభ్యంతరం. ఆ తాబేలు సాసేజి వల్ల ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. 1975 నాటి సాసేజి చూస్తూ మనిషి పోయినట్టు ఊరంతా తెలుసు. అయినా పదహారేళ్ల తర్వాత కత్తెర పడింది అమాయక సాసేజికి. అసలుదాని జోలికి ఎవరూ పోలేదు. అసలు నేరస్థుణ్ణి వదిలేసి దారిన పోయేవాణ్ణి లోపలేసే పద్ధతి మన దగ్గరే ఉందనుకుని ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాం. ఇకనుంచి అక్కర్లేదు.

ముద్దాయిల తరఫున ఒక వాదన వినిపిస్తోంది, అదీ చూద్దాం. 2012లో ఆ మేస్త్రి మనవరాలికి ఉన్నట్టుండి గుండె ఆగిపోయి, చావు అంచుదాకా వెళ్లి బతికింది. పరీక్షిస్తే లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అని తేలింది. గుండెలో కరెంటు నడక తేడాగా ఉండే జబ్బు, వంశంలో వస్తుంది. తాతకీ అదే ఉండి ఉంటుందని, నవ్వు దాన్ని కదిలించి ఉంటుందని డాక్టర్లు అనుకున్నారు. అంటే తప్పు గుండెదట, పుడ్డింగ్‌ది కాదట. ముద్దాయిల్లో ఒక డాక్టరు ఉన్నాడని ముందే మనవి చేశాను. ఒక డాక్టరు మీద కేసులో మిగతా డాక్టర్ల మాటను ఎంతవరకు నమ్మాలో పాఠకులకు వదిలేస్తున్నాను.

మన విషయానికొస్తే, తెలుగు ప్రేక్షకుల గురించి నాకు ఏ టెన్షనూ లేదు. పేరడీ వల్ల ఇక్కడ ప్రాణం పోయే అవకాశమే లేదు. పేరడీ చెయ్యాలంటే అసలుదాన్ని కాస్త పెంచాలి కదా. మన ఫైటు మాస్టర్లు పెంచడానికి జాగా ఉంచితేగా! హీరో చెయ్యి తగలకముందే సుమోలు గాల్లోకి లేస్తాయి. తొడ కొడితే రైలు వెనక్కి పోవడం మనం చూసేశాం, అదీ కామెడీ ట్రాకులో కాదు, సీరియస్‌గా, వెనక డప్పులతో. ఈ దేశానికి ఆ గుడీస్ ముగ్గురూ వచ్చి ఉంటే చేసేదేం లేక ఆ సైకిల్ మీదే తిరిగి వెళ్లిపోయేవాళ్లు.

అయినా జాగ్రత్త మంచిదే. పొగ తాగితే ప్రమాదమని 2012 నుంచి తెర మీద అక్షరాలు వేస్తూనే ఉన్నాం. ‘నవ్వడం ఆరోగ్యానికి హానికరం’ అని ఇంకో లైను వెయ్యడానికి పెద్ద ఖర్చేం కాదు. నిజానికి మన ఛానళ్లు ప్రభుత్వం చెప్పకముందే ఆ ఏర్పాటు చేసేశాయి. కామెడీ షోల్లో నవ్వే పనిని మనకు వదలకుండా, జడ్జి కుర్చీల్లో మనుషుల్ని పెట్టుకున్నాయి. స్కిట్ మొదలవకముందే వాళ్లు విరగబడి నవ్వుతారు, బల్లలు గుద్దుతారు, కళ్లు తుడుచుకుంటారు. ఇంట్లో మనం ఏ అపాయమూ లేకుండా ఉప్మా తింటూ ఫోన్ చూసుకుంటాం. వాళ్లకి ఇన్సూరెన్స్ చేయించారో లేదో ఛానళ్లు వెంటనే ప్రకటించాలి.