లక్ష్మి ఏడు ముక్కలయిన వైనం

పర్లాకిమిడిలో మా మేనమామ కొత్తగా కట్టించిన ఇంటి గేటుకు ‘లక్ష్మీ నిలయం’ అని కోసిన ఇనుప రేకు బిగించాలనుకున్నారు. కంప్యూటరులో బొమ్మలు గీసే అల్లుడు ఇంట్లోనే ఉండగా బయటివాడికి డబ్బు పోయడం దేనికని ఆ పని నాకు అప్పగించారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లోనే ముప్పై అయిదేళ్లు తెలుగు పంతులుగా పనిచేసిన మనిషి కాబట్టి, అక్షరం తప్పితే ఊరుకోరని నాకు ముందే తెలుసు.

నేను వాడేది 2002 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఫ్రీకాడ్ అనే నమూనాలు గీసే ప్రోగ్రాము. అందులో డ్రాఫ్ట్ పనిముట్లలో షేప్‌స్ట్రింగ్ అనేది ఒకటి ఉంది. ఫాంటు ఫైలు చూపించి, మాట టైపు చేసి, ఎత్తు మిల్లీమీటర్లలో ఇస్తే అక్షరాలను గీతలుగా మార్చి పెడుతుంది. రామభద్ర ఫాంటు చూపించి 150 ఇచ్చాను. తెరమీద క పక్కన పొల్లు, దాని పక్కన ష, మళ్లీ పొల్లు, చివర మ మీద కూర్చోలేక ఒరిగిన గుడిదీర్ఘం కనిపించాయి. కంప్యూటరులో తెలుగు చూసే వాళ్లందరికీ ఉన్న పాత నమ్మకమొకటి నాకూ ఉంది: తెరమీద ఎలా ఉన్నా ప్రింటులో సరిగ్గానే వస్తుందని. ఆ నమ్మకంతోనే ఆ గీతలను డి.ఎక్స్.ఎఫ్. ఫైలుగా బరంపురంలో లేజరు కటింగు దుకాణానికి పంపాను.

లేజరుకు నమ్మకాలతో పని లేదు. రెండక్షరాల లక్ష్మి ఏడు ముక్కలయి వచ్చింది. మామయ్య కళ్లజోడు సవరించుకుని రేకును ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు చదివారు.

“ఒరే అల్లుడూ, గిడుగు వారు వాడుక భాష కావాలన్నారు గాని, విడి భాగాలు కావాలన్నారుట్రా?”

దుకాణంవాడికి ఫోను చేసి, కోసేముందు ఒక్కమాట అడగవచ్చు కదా అన్నాను. మీ తెలుగు అంతేనేమో అనుకున్నానన్నాడు ఆ ఒడియా కుర్రవాడు. ఉక్రోషం పట్టలేక వాడి దుకాణం పేరు ఒడియాలో టైపు చేసి చూశాను. అక్షరానికి ముందు కూర్చోవలసిన ఎకారపు గుర్తు బుద్ధిగా వెనక కూర్చుంది. సరిహద్దుకు రెండువైపులా ఒకే న్యాయం జరగడం ఈ మధ్య నేను చూసింది అక్కడే.

లోపం ఎక్కడుందో తరవాత తెలిసింది. ఆ పనిముట్టు టైపు చేసిన గుర్తులను ఒక్కొక్కటిగా ఫాంటులోంచి తీసి ఇటుకల్లా పక్కపక్కన పేరుస్తుంది. ఇంగ్లీషుకు అది చాలు. క, పొల్లు, ష కలిస్తే క్ష అవుతుందనీ, గుడి వస్తే తలకట్టు తప్పుకోవాలనీ దానికి ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పే పని చేసే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము కూడా ఉచితమే, దాని మూల కోడు కూడా అందరికీ కనిపించేదే. ఫ్రీకాడ్‌నూ దాన్నీ కలిపే తీరికే కావాలి. గోడకు తలుపు, మరకు పళ్లచక్రం గీసేటప్పుడు రాని ఈ ఇబ్బంది పేరు రాసేటప్పుడే ఎందుకు వస్తుందంటే, ఆ పనిముట్లను మెరుగుపరిచే వాళ్లలో ఒత్తులతో బతికేవాళ్లం తక్కువ కాబట్టి కావచ్చు.

ఈసారి ఇంక్‌స్కేప్ అనే మరో బొమ్మల ప్రోగ్రాములో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఎస్.వి.జి. ఫైలుగా ఫ్రీకాడ్‌లోకి తెచ్చుకున్నాను. లక్ష్మి నిండుగా వచ్చింది. రేకు కూడా వచ్చింది. మామయ్య దాన్ని ఎత్తి పట్టుకోగానే చివరి సున్న నడిమి బిళ్ల ఊడి వారి కాలిమీద పడింది. గుడుల పొట్టలు అప్పటికే దుకాణంలో రాలిపోయాయట. చుట్టూ కోస్తే మధ్యది నిలవదన్న సంగతి నాకు లేజరు నేర్పింది.

మూడో రేకులో ప్రతి సున్నకూ పైనా కిందా నాలుగు మిల్లీమీటర్ల పట్టీలు వదిలి గీశాను. అదే ఇప్పుడు గేటుకు ఉంది. రెండోది కోళ్లగూటి తలుపయింది. మొదటి రేకును మాత్రం మామయ్య ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని అరుగుమీద ఆనించి, సాయంత్రాలు మనవడికి గుణింతం చెబుతున్నారు. పొల్లు, గుడిదీర్ఘం ఇంత విడివిడిగా చూపించే పుస్తకం తన సర్వీసులో దొరకలేదట.