బకెట్టు ఏ కమిటీది?

స్టూడెంట్ నర్సెస్ అసోసియేషన్ అని పూర్తిగా అనే ఓపిక ఏ నర్సింగ్ కాలేజీలోనూ ఉండదు. ఎస్.ఎన్.ఏ. అంటారు. 1929 నుంచీ ఉన్న సంఘం. ముగ్గుల పోటీ మొదలు పేటల్లో ఆరోగ్య ప్రచారం దాకా అన్నీ దాని నెత్తినే. విశాఖలో ఒక కాలేజీ ఎస్.ఎన్.ఏ. మే 12న, నర్సుల దినోత్సవం నాడు, ఆర్.కె. బీచ్‌లో పొద్దున నడకకొచ్చేవాళ్లకి బీపీ, షుగరు చూడాలని తీర్మానించింది.

గంటన్నర మీటింగులో గంట ఫ్లెక్సీకే సరిపోయింది. దీపం పట్టుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ ఎడమ పక్కనుండాలా, కుడి పక్కనా అని. మిగతా అరగంటలో రిజిస్ట్రేషన్ కమిటీ, బీపీ కమిటీ, షుగర్ కమిటీ, డాక్టరు దగ్గరికి పంపే రిఫరల్ చీటీల కమిటీ, టిఫిన్ కమిటీ, ఫొటోల కమిటీ పుట్టాయి. సామాన్ల జాబితాలో అన్నీ రాశారు: షుగరు చూసే మీటర్లు రెండు, స్ట్రిప్పులు యాభై, మనిషికో కొత్త లాన్సెట్ (వేలు గుచ్చే సూది), దూది, స్పిరిట్, వాడేసిన సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా. బకెట్టు, మగ్గు, సబ్బు మాత్రం ‘ఇతరములు’ అన్న పద్దులో కలిసిపోయాయి. ఇతరములకు కమిటీ లేదు.

అయిదున్నరకల్లా టెంటు లేచింది. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ గాలికి తెరచాపై ఇద్దరు ఫస్టియర్ పిల్లల్ని సబ్‌మెరైన్ మ్యూజియం వైపు లాక్కెళ్లబోయింది. బీచ్‌లో ఫ్లెక్సీ కట్టేవాళ్లు కర్రల మొదట్లో ఇసుక మూటలు పెట్టుకోవాలి. చుట్టూ ఉన్నదంతా ఇసుకే, మూట కట్టడానికి సంచే లేదు.

బీపీ బల్ల దగ్గర ఇంకో చిక్కు. నడిచొచ్చిన మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపించి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టించి, మాట్లాడనివ్వకుండా చూడాలి. మొదటి నాలుగూ అయ్యాయి. నడక గుంపుని మాట్లాడనివ్వకుండా ఆపడం సిలబస్‌లో లేదు. పైగా స్టెతస్కోపులో వినాల్సిన టకటకలు అలల హోరులో కలిసిపోతున్నాయి. కాసేపటికి మేడమ్ డిజిటల్ మిషన్ తెప్పించారు.

అసలు కథ షుగర్ బల్ల దగ్గర నడిచింది.

ఆ గుంపులో ఒక తాతగారు అరకు నుంచి తేనె తెచ్చారు. పరగడుపున మంచిదని, తీర్థం పోసినట్టు ఒక్కొక్కరి అరచేతిలో చెంచాడు పోశారు. వాళ్లు నాకేసి, రెండు చేతులూ రుద్దుకుని, తిన్నగా వచ్చి వరసలో నిలబడ్డారు. మొదటాయనకు 312. రెండో ఆవిడకు 367. మూడో ఆయనకు 290. రిఫరల్ చీటీల కమిటీకి ఊపిరాడలేదు. కొబ్బరిబొండాం కొట్టించుకోబోయిన ఒకాయన, కత్తి గాల్లో ఉండగానే వద్దనేశాడు.

చివర్లో తాతగారి వంతు. పదేళ్లుగా షుగరున్న మనిషి, తేనె చుక్క నోట పెట్టలేదు. అమ్మాయి ఉంగరం వేలి పక్కభాగం స్పిరిట్‌తో తుడిచి గుచ్చింది. మీటరు అంకె చూపించలేదు. ఎచ్, ఐ అని ఇంగ్లీషులో రెండక్షరాలు చూపించింది. చాలా మీటర్లలో దానర్థం 600 దాటింది, ఇక నావల్ల కాదు అని. తాతగారు అది చదువుకుని నవ్వుతూ మీటరుకి ‘హాయ్’ చెప్పారు.

పక్కనే ఉన్న మామ్మగారు నవ్వలేదు. “ఏవండీ, నిన్న నిండుగా ఉన్న సీసా సగమెలా అయింది?”

“నేను నాకలేదే! అందరికీ పంచాను!”

“మిషన్ కూడా అబద్ధమాడుతుందా?”

అదే వేలిని మళ్లీ గుచ్చితే 540. అప్పుడొచ్చింది ఫోర్తియర్ అమ్మాయి ఒకతె, తాతగారి చెయ్యి పట్టుకుని వదిలించుకోలేకపోయింది. అంత జిగురు. సీసా మెడనుంచి కారిన తేనె ఎడమ చేతిమీదే కారింది. గుచ్చిందీ ఎడమ చేతినే.

షుగరు 150 ఉన్న మనిషి రక్తంలో ఒక మైక్రోలీటరులో ఉండే గ్లూకోజు ఒకటిన్నర మైక్రోగ్రాము. స్ట్రిప్పు పీల్చుకునే చుక్క దాదాపు అంతే, కొన్నిటికి అందులో సగం చాలు. కంటికి కనపడని తేనె మరక చాలు, లెక్క తలకిందులవుతుంది. స్పిరిట్ దూది పని క్రిములమీద. తేనెను అది వేలంతా పులుముతుందే తప్ప వదిలించదు. పండు ఒలిచిన చేతికైనా ఇదే గతి. సబ్బూ నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి గుచ్చాలి, తడి ఉంటే చుక్క పలచబడుతుంది. రక్తం రాలేదని వేలిని పిండకూడదు.

ఇదంతా పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. అందరికీ వచ్చు. నీళ్లేవి?

సముద్రం ఉందిగా అని ట్రెజరర్ అంది. మేడమ్ చూసిన చూపుకి వెనక్కి తగ్గింది. ఆఖరికి టీ బండి ఆయన తన బకెట్టూ సబ్బుముక్కా ఇచ్చాడు. “ఏటమ్మా, ఇంత టెంటేసినారు, బకెట్టు తేనేదేటి?” అని మాత్రం అడిగాడు. చేతులు తరచూ కడుక్కోవాలని నర్సులకు ఆ రోజుల్లోనే చెప్పిన మహాతల్లి వెనక ఫ్లెక్సీలో రెపరెపలాడుతోంది.

తాతగారు కడిగి, తుడుచుకుని, వేరే వేలు ఇచ్చారు. మొదటి చుక్క దూదితో తీసేసి రెండో చుక్క పెట్టారు. 131.

“చూశావా?” అన్నారు తాతగారు.

“చూశాను. కడిగితే ఇంత తగ్గేదానికి నెలనెలా మందులెందుకు కొంటున్నట్టు?” అన్నారు మామ్మగారు.

ఈ మాట వరసంతా పాకింది. 367 ఆవిడ మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. చీటీలు పట్టుకెళ్లినవాళ్లను ఫోన్లు చేసి వెనక్కి పిలిపించారు, స్ట్రిప్పులు తొమ్మిది మిగిలాయి. టిఫిన్ కమిటీ ఇడ్లీలు తెచ్చే వేళకి టీ బండి దగ్గర కొత్త వరస కట్టింది. “సబ్బు రెండుసార్లు రాస్తే వందకి దిగుతుందా బాబూ?” అని ఒకాయన అడుగుతున్నాడు.

సాయంత్రం సెక్రటరీ రిపోర్టులో ఇలా రాసింది: “శిబిరంలో భాగంగా చేతుల శుభ్రతపై ప్రత్యేక ప్రదర్శన కూడా నిర్వహించడమైనది. ప్రజల నుండి విశేష స్పందన లభించినది.”