పాలు నేలపాలైతే బ్యాడ్ లక్కట!

నిన్న ఉదయం ఆరున్నరకు ఒంగోలులోని మా ఇంటి ముందు ఒక ప్రైవేటు పాఠశాల వ్యాను వెనక్కి వస్తూ మా ప్రహరీ స్తంభాన్ని గుద్ది, దాని పక్కన నిలిపి ఉన్న పాలాయన మోపెడ్‌ను పడగొట్టింది. రెండు క్యాన్ల మూతలూ ఊడి, 18 లీటర్ల గేదెపాలు మురుగుకాలువలో కలిశాయి. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగునూ, రెండో చేత్తో చెవి దగ్గర ఫోనునూ పట్టుకుని ఉండటం మెట్ల మీద పేపరు చదువుకుంటున్న నేను కళ్ళారా చూశాను. అతడు దిగి వచ్చి, కాలువలో తెల్లగా సాగిపోతున్న పాలను చూసి, "యాక్సిడెంటు సార్, మనమేం జేస్తాం?" అన్నాడు. గంట తరువాత ఫోనులో దొరికిన యాజమాన్యపు పెద్దమనిషి మరింత మర్యాదగా "అన్‌ఫార్చునేట్ ఇన్సిడెంట్ అండీ" అన్నారు. ఇవన్నీ సహించాను గానీ, ఒలికిన పాలకు ఇంటింటికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పాలాయన కూడా "ఇయ్యాల మన బ్యాడ్ లక్కు సార్" అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాడిని కాబట్టి నా మంట ముందుగా మాట మీదికే పోతుంది. యాక్సిడెంట్ అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం 'మీద వచ్చి పడటం'. ఎక్కడి నుంచో వచ్చి పడిందట, పడేసినవాడెవడూ లేడట! ఆస్పత్రిలో మనం పరుగెత్తే క్యాజువాలిటీ కూడా అటువంటిదే. దాని మూలపదానికి పడటమనీ, యాదృచ్ఛికమనీ అర్థాలు. మనం పెట్టుకునే క్యాజువల్ లీవు కూడా ఆ మూలం నుంచే వచ్చింది కాబట్టి, తల పగిలినవాడూ సెలవు పెట్టి పెళ్ళికి వెళ్ళినవాడూ ఒకే మాటకు వారసులన్నమాట.

ఇక మన 'ప్రమాదం' సంగతి చూడండి. సంస్కృతంలో దానికి అర్థం ఏమరపాటు, అజాగ్రత్త. 'ప్రమాదో ధీమతామపి' అని మన పెద్దలు అన్నది బుద్ధిమంతులు కూడా ఒక్కోసారి ఏమరుతారనే గానీ, వాళ్ళ మీద లారీలు ఎక్కుతాయని కాదు. అంటే 'ప్రమాదం జరిగింది' అన్న క్షణంలోనే 'ఏమరింది ఎవరు?' అనే ప్రశ్న ఆ మాట కడుపులో సిద్ధంగా ఉంది. అంత చక్కని మాటను మూలకు నెట్టి, ఎవరినీ ఏమీ అడగని మాటను మనం అరువు తెచ్చుకున్నాము. తమాషా ఏమిటంటే, ఆ మాట సొంతదారులకే దాని మీద నమ్మకం పోయింది. గాయాలలో చాలావరకు ముందుగా ఊహించి ఆపగలిగినవేననీ, అందువల్ల యాక్సిడెంట్ అనే మాటను తమ పుటలలోకి రానివ్వబోమనీ బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లోనే ప్రకటించింది. వాళ్ళు పారేసిన మాటను మనం పండక్కి కొత్తబట్టలాగా కట్టుకు తిరుగుతున్నాము.

డిజాస్టర్ అనే మాట ఇంకా ఘనమైనది. దాని అసలు అర్థం చెడు నక్షత్రం. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నప్పుడు మా బంధువర్గమంతా ఈ మాటనే జపించింది. వాగుల్ని పూడ్చి ప్లాట్లు వేసింది అశ్విని, భరణి, కృత్తిక కాబోలు! మనకూ 'గ్రహచారం' ఉంది కదా అంటారా? ఉంది, అదీ ఈ తానులో గుడ్డే, కాదనను.

గ్రహచారం అన్నాను కాబట్టి చెప్పక తప్పదు. మా చెల్లెలి పెళ్ళయిన నలభయ్యో రోజున మా బావ తంగుటూరు, సింగరాయకొండల మధ్య హైవే మీద, వెనుక దీపం గానీ ఎర్ర రేకు గానీ లేకుండా చీకట్లో ఆపి ఉంచిన ట్రాక్టరు ట్రక్కును బైకుతో గుద్దుకుని కాలు పోగొట్టుకున్నాడు. దీపం పెట్టని యజమాని వచ్చి, రెండు కిలోల బత్తాయిలు మంచం పక్కన పెట్టి, "యాక్సిడెంటు గదా, ఎవరిని అనుకుంటాం?" అని పరామర్శించి వెళ్ళాడు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. కానీ మనుషులకు ఎవరినో ఒకరిని అనుకోకపోతే అన్నం సహించదు కాబట్టి, పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది కాదని అత్తవారింట తేల్చారు. నలుగురు చదువుకున్నవాళ్ళు ఉన్న ఇల్లు గనుక దానినే ఇంగ్లీషులో 'బ్యాడ్ లక్' అన్నారు, అంతటితో అది మూఢనమ్మకం కాకుండా పోయింది.

అవమానానికి ఇంగ్లీషులో ఇగ్నొమినీ అనే మాట ఒకటుంది, దాని మూలంలో ఉన్నది పేరు పోవడం. ఈ ఒక్కమాట విషయంలో మాత్రం ఇంగ్లీషుకు చేతులెత్తి మొక్కుతాను. ఎందుకంటే ఆ తరువాత ఆ ఇంట్లో మా చెల్లెలిని పేరు పెట్టి పిలిచినవారు లేరు. "ఆ పిల్ల" అనేవారు. మరిది గృహప్రవేశంలో పాలు పొంగించే వేళకు "ఆ పిల్లను కాసేపు వెనక గదిలో ఉండమనండి" అన్నారు. ట్రాక్టరు యజమాని మాత్రం ఆ పీటల ముందు వరుసలోనే, పేరు చివర 'గారు'తో సహా కూర్చుని వడపప్పు తిన్నాడు. తలవంపు అనే మాట ఎంత ఖచ్చితమైనదో నాకు ఆ రోజు తెలిసింది. తప్పు చేసినవాడి మెడ నిటారుగానే ఉంది, వంగింది మా చెల్లెలి మెడ.

అందువల్లనే నిన్న పాలాయన నోట ఆ మాట వినగానే ఉండబట్టక, ఆయనను వెంటబెట్టుకుని ఆ పాఠశాలకు వెళ్ళాను. క్యాన్లు రెండు, పాలు 18 లీటర్లు, స్తంభం ఒకటి అని కాగితం మీద వరుసగా రాసి, కారణం అన్నచోట 'డ్రైవరు ప్రమాదం' అని స్పష్టంగా రాసి ఇచ్చాను. గుమాస్తా దానిని రెండుసార్లు చదివి, "డ్రైవరుకేం కాలేదు గదా సార్" అని, నా మాటను కొట్టేసి పైన 'మైనర్ యాక్సిడెంట్' అని రాసుకుని, ముద్ర వేశాడు.